తల్లిగారింటికి పోయిన నెలలు

చదివేవారికి ముందే ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై దాటిన తర్వాత. ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ తప్పుతాయి, మన్నించండి. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. అందుకని కథ కూడా నిదానంగానే నడుస్తుంది.

ఆ రోజు కూడా యాకమ్మ ఇల్లు ఎప్పటిలాగే తెల్లవారింది. వాళ్లది పెద్దవంగర దగ్గర ఒక ఊరు. యాకమ్మ గడప దగ్గర కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. చిన్నకోడలు మీనా పొయ్యి మీద సర్వపిండి పెట్టి, పక్కనే కూతురు అక్షరకు జడ వేస్తోంది. చిన్నకొడుకు నగేశ్ కరెంటు మోటార్లు బాగుచేసే తన కొట్టుకు బయలుదేరుతున్నాడు.

"అమ్మా, మెల్లగ. నెత్తి గుంజుతున్నవ్" అంది అక్షర.

"నెత్తి నాకిచ్చి కండ్లు టీవీకిస్తే గుంజదా మరి?"

"ఆ పిల్లను అనుడు తర్వాత. ముందు సర్వపిండి మాడుతాంది, సూడు మెంబరమ్మా" అంది యాకమ్మ.

మీనా నవ్వి మంట తగ్గించింది. మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో ఆడవాళ్లకు కేటాయించిన వార్డులో ఆమె గెలిచింది. అప్పటి నుంచి అత్త నోట ఆమె మెంబరమ్మే.

మీనా పుట్టింది నేపాల్ కొండల్లో. ఆమె తండ్రి రాంజీ భూపాలపల్లి బొగ్గుగనుల కాలనీలో గూర్ఖాగా పనికి కుదిరి, భార్యను, మాటలు కూడా రాని కూతురిని వెంట తెచ్చుకున్నాడు. ఆమె అక్కడే తెలుగు బడిలో చదివింది. బొగ్గు లారీ నడిపే రోజుల్లో నగేశ్ ఆమెను చూసి ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయ్యాక రాంజీ, భార్యను తీసుకుని సొంత ఊరికి వెళ్లిపోయాడు. మూడేళ్ల కిందట మీనా దరఖాస్తు పెట్టుకుని, ఈ దేశపు మనిషి భార్యగా ఇక్కడి పౌరసత్వం పొందింది. నేపాల్‌ది వదులుకుంది.

పోస్టుమన్ పెంటయ్య సైకిల్ ఆపాడు. "మీనమ్మ, ఢిల్లీ నుంచి రిజిస్టర్ పోస్టు. ఈడ సంతకం పెట్టు."

మీనా నిలబడే చదివింది. చదివిందే మళ్లీ చదివింది. పెనం మీద సర్వపిండి మాడిపోయి పొగ వచ్చినా ఎవరూ కదల్లేదు.

"ఏందే?" అంది యాకమ్మ.

నగేశ్ కాగితం తీసుకున్నాడు. మీనా ఒక సంగతి దాచిపెట్టి పౌరసత్వం పొందినట్టు ఫిర్యాదు వచ్చిందట. దరఖాస్తుకు ముందటి ఏళ్లలో ఆమె నేపాల్‌లో కొన్ని నెలలు ఉందట, దరఖాస్తులో మాత్రం దేశం దాటలేదని రాసిందట. పౌరసత్వం ఎందుకు రద్దు చేయకూడదో గడువులోగా జవాబు ఇవ్వాలట.

"గీమె దేశం ఇడిసి ఎన్నడు పోయింది?" అంది యాకమ్మ.

"అత్తమ్మ, అక్షర పుట్టినంక పోలేదా?" అంది మీనా మెల్లగా.

"అది తల్లిగారింటికి పోవుడు. దేశం ఇడుసుడు ఎట్లయితది?"

తప్పంతా అక్కడే జరిగింది. అక్షర మానుకోట దవాఖానలో పుట్టింది. మూడో నెలలో రాంజీ వచ్చి, బాలింతను పుట్టింటికి తీసుకుపోయాడు. సరిహద్దులో ఎవరూ ఆపలేదు, ముద్ర వేయలేదు. పిల్ల పాకే దాకా మీనా అక్కడే ఉంది. ఆ తర్వాత దరఖాస్తు పెట్టినప్పుడు, ఇంటికి వచ్చిన అధికారి ఎప్పుడైనా దేశం విడిచి వెళ్లారా అని అడిగాడు. నగేశ్ లేదన్నాడు. అంతకుముందు మీనా పేరున దరఖాస్తు నింపింది కూడా అతనే, అందులోనూ అదే రాశాడు. యాకమ్మ కూడా, "ఏడికి పోతది సారు, ఇంట్లనే ఉంటది" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఇద్దరిలో ఎవరికీ అబద్ధం చెబుతున్నామన్న ఊహే రాలేదు.

"గిది తీసేస్తే నేను ఏ దేశపుదాన్ని?" అంది మీనా. "నేపాల్‌ది నా చేతులతోని నేనే వాపసు ఇచ్చిన."

నగేశ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మరునాడు ముగ్గురూ మానుకోటలో పద్మలత అనే వకీలు దగ్గరికి వెళ్లారు. ఆమె కాగితం చదివి, ముందు అందరికీ మంచినీళ్లు ఇప్పించింది.

"వాళ్లు తీసెయ్యలేదమ్మా. తీసెయ్యాల్నా వద్దా అని అడుగుతున్నరు" అంది. "ఒక్క కాగితం పంపి మనిషిని పరాయిదాన్ని చేసుడు కుదరదు. ముందుగాల కారణం రాసి నోటీసియ్యాలె. మనం అడిగితే విచారణ కమిటీకి పంపాలె. దానికి పెద్దగ ఉండేటాయన పదేండ్లన్న న్యాయాధికారిగ పనిచేసి ఉండాలె. ఆయన ముందట మన మాట మనం చెప్పుకోవచ్చు. ఆఖరికి తప్పు తేలినా సరే, ఈమె పౌరురాలిగ ఉండుడు ప్రజలకు మంచిది కాదనిపిస్తేనే రద్దు చెయ్యాలె."

నగేశ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మేడం, అసలు పోనేలేదని చెప్తే? మా మామ అప్పటికింక భూపాలపల్లిలనే ఉన్నడు, బాలింత ఆడనే ఉన్నదని నేను సాక్షులను తెస్త."

పద్మలత కలం పక్కన పెట్టింది. "ఇప్పటిదాక మీది తెలువక చేసిన తప్పు. గా మాట చెప్పినవంటే మోసమైతది. నేనైతే ఆ కేసు పట్టుకోను."

నగేశ్ తల దించుకున్నాడు.

"ఇంకొకటి చెప్త, బాధపడకుండ్రి" అందామె. "దరఖాస్తుకు ముందటి ఏడాది ఈమె ఈడనే ఉన్నది. అంతకు ముందటి ఎనిమిదేండ్లల్ల ఆరేండ్లు ఉంటే చాలంటది చట్టం. ఆ నెలలు తీసేసినా లెక్క సరిపోతది. నిజం చెప్పినా వచ్చేదే ఇది."

యాకమ్మకు ఆ మాట చెంపమీద కొట్టినట్టయింది. కోడలి బతుకు మీదికి తెచ్చిన, ఆనాడు తను అధికారితో అన్న మాటతో అసలు అవసరమే లేదన్నమాట.

"దాచాలని దాచలేదని చెప్పేటోళ్లు కావాలె" అంది పద్మలత. "ఆమె పోయిన సంగతి, వచ్చిన సంగతి తెలిసినోళ్లు. ఎవలు తోలుకొచ్చిండ్రు?"

"మా అన్న, వదిన" అన్నాడు నగేశ్. అంటూనే ఆగిపోయాడు. కాగితాల వెనక జతచేసిన ఫిర్యాదు మీద వనమాల అని పేరుంది. వార్డులో మీనా చేతిలో ఓడిపోయిన మనిషి. ఆ వనమాల, వదిన శోభారాణికి సొంత అన్న భార్య. మీనా ఏ నెలలో పోయింది, ఏ నెలలో వచ్చింది, అన్నీ అందులో సరిగ్గా ఉన్నాయి.

అటు నుంచి అటే రైలెక్కి జనగామలో దిగారు. పెద్దకొడుకు వీరేందర్ అక్కడ సైకిళ్ల దుకాణం నడుపుతాడు. తలుపు తీసిన శోభారాణి ముగ్గురినీ చూసి తడబడింది.

"రా అత్తమ్మ. ఫోనన్న చేయకపోతిరి."

"ఫోన్ల చెప్పే ముచ్చట కాదు వదినా" అన్నాడు నగేశ్ గుమ్మంలోనే. "మా ఇంటి సంగతి మీ తల్లిగారింటికి ఎట్ల పోయింది?"

"ఏందిరా, కాళ్లన్న కడుక్కోకముందే పంచాదా?" అన్నాడు లోపలి నుంచి వచ్చిన వీరేందర్.

"మీనా పౌరసత్వం తీసేస్తరట అన్నా. వనమాల కాగితం పెట్టింది. నెలలతోని సహా రాసింది. నువ్వు చెప్పినవా, వదిన చెప్పిందా?"

వీరేందర్ భార్య వైపు తిరిగాడు. ఆమె కొంగు నడుముకు బిగించింది.

"నేనే చెప్పిన. అబద్ధం చెప్పిన్నా? ఆమె పోలేదా? నేను పోయి తోలుకరాలేదా? ఆ గుట్టల బస్సుల పేగులు నోట్లకొచ్చినయి నాకు."

"నాకు చెప్పకుండ గింత పని చేసినవా?" అన్నాడు వీరేందర్.

"నీకు చెప్తే నీ తమ్ముని దిక్కే మాట్లాడుతవ్. మా అన్న ఫోన్ చేసి అడిగిండు. తల్లిగారింటోళ్లు అడిగితే నాకు తెల్వదనాల్నా? మెంబరుగిరి పోతది, మా వదినకొస్తది, గంతే అనుకున్న."

"గంతేనట" అన్నాడు నగేశ్. "మనిషిని దేశం లేనిదాన్ని చేసి గంతే అంటున్నవ్."

"నువ్వు ఊకో" అంది మీనా. అప్పటిదాకా ఆమె గోడకు ఆనుకుని నిలబడే ఉంది. "అక్కా, మెంబరుగిరి రేపే రాజీనామా పెడుత, వనమాలక్కనే తీసుకోమను. కని గిది పోతే నాకు ఈడ పేరు లేదు, ఆడ పేరు లేదు. అక్షర ఈడ పిల్ల. నన్ను ఎటు దిక్కు పంపుతరు?"

ఇంత దూరం పోతుందని శోభారాణి అనుకోలేదని ముఖమే చెబుతోంది. అయినా వెనక్కి తగ్గలేదు. "చెప్పింది నిజమే కద" అని గొణిగింది.

యాకమ్మ వచ్చి పెద్దకోడలు పక్కన మంచం మీద కూర్చుంది.

"శోభా, తల్లిగారింటి దిక్కు నిలవడ్డవ్. నేను సుత ఎన్నోసార్లు నిలవడ్డ, దానికి నిన్నొక్క మాటన. కని నువ్వు సగమే చెప్పినవ్ బిడ్డా. పోయిందని చెప్పినవ్. ఎట్ల పోయిందో చెప్పలే. ఊరంత నిలవడి తోలిచ్చిండ్రని చెప్పలే. వచ్చేటప్పుడు రైల్ల పిల్లకు జరమొస్తే, కాజీపేట దాక నీ ఒళ్లె పెట్టుకొని కూసున్నవ్, అదీ చెప్పలే. ఆ మిగిలిన సగం కూడ చెప్పు. నేను గంతే అడుగుతున్న."

"చెప్తే మా అన్న నన్ను గడప తొక్కనియ్యడు అత్తమ్మ" అంది శోభారాణి. "మా అవ్వ ఆడనే ఉన్నది. ఆమెను సుత సూడనియ్యడు."

మీనా సంచీ భుజానికి తగిలించుకుంది.

"నువ్వు రాకు అక్కా" అంది. "తల్లిగారిల్లు దూరమైతే ఎట్లుంటదో నాకెరుక. నా మాట నేను చెప్పుకుంట."

వీరేందర్ అన్నం తినిపొమ్మని ఎంత బతిమాలినా వాళ్లు ఆగలేదు. శోభారాణి సాగనంపడానికి బయటికి రాలేదు.

విచారణ హైదరాబాదులో ఒక సర్కారు ఆఫీసు గదిలో జరిగింది. ముగ్గురు పెద్దలు బల్ల అవతల కూర్చున్నారు. నడిమి ఆయన ఒకప్పటి జడ్జి. మీనా ఏదీ దాచకుండా చెప్పింది. తరువాత యాకమ్మను పిలిచారు.

"అధికారి అడిగినప్పుడు నేపాల్ పోయిందని ఎందుకు చెప్పలేదమ్మా?"

"అయ్యా, నేపాల్ పోయిందని నేను అనుకోలే. బాలింత తల్లి దగ్గరికి పోయిందనుకున్న" అంది యాకమ్మ. "తప్పు నాది, నా కొడుకుది. శిక్షేదో మాకెయ్యుండ్రి. ఈ పిల్లకు ఇంకొక ఇల్లు లేదు."

ఆయన రాసుకున్నాడు. పద్మలత లేచి, ముందురోజు తనకు ఫోన్ చేసిన ఇంకొక సాక్షి ఉన్నారంది. తలుపు తీసుకుని వీరేందర్, అతని వెనక శోభారాణి వచ్చారు. యాకమ్మ మీనా చేయి గట్టిగా పట్టుకుంది.

"ఫిర్యాదు మా వదినె పెట్టింది. ఆమెకు చెప్పింది నేను" అంది శోభారాణి. "పోయింది నిజమే సారు. కని దొంగతనంగ పోలే. ఇంటింటికి చెప్పి పోయింది. నేను, మా ఆయన పోయి తోలుకొచ్చినం. వచ్చినంక కురవి వీరన్న గుడి దగ్గర పుట్టువెంట్రుకలు తీసి, ఊరందరికి అన్నం పెట్టినం. దాచుకునేటోళ్లు గట్ల చేస్తరా? నాకు ఇదంత ఎరుకే. ఎరుకై ఉండి సగమే చెప్పిన."

బయట వరండాలో ఆమె స్తంభాన్ని పట్టుకుని ఏడ్చింది. "పొద్దుగాల మా అన్న ఫోన్ చేసిండు. పోతే పో, ఇగ ఈ గడప తొక్కకన్నడు." మీనా తన కొంగుతో ఆమె కళ్లు తుడిచి, అక్కడే మెట్ల మీద పక్కన కూర్చుంది.

వానాకాలం చివర్లో కాగితం వచ్చింది. దాచే ఉద్దేశం కనపడలేదని, పౌరసత్వం రద్దు చేయనవసరం లేదని కమిటీ చెప్పిందట. ప్రభుత్వం దానికి ఒప్పుకుందట. పద్మలత ఫోనులో చదివి వినిపిస్తుంటే నగేశ్ కొట్టులోనే కూలబడి, చేతుల గ్రీసు ముఖానికి అంటుతున్నా పట్టించుకోకుండా ఏడ్చాడు.

బతుకమ్మ పండుగకు ఊళ్లోని ఆడబిడ్డలంతా పుట్టిళ్లకు వస్తున్నారు. ఒక సాయంత్రం శోభారాణి చేతిలో బట్టల సంచీతో యాకమ్మ వాకిట్లో నిలబడింది. రెండు వీధుల అవతల ఆమె అన్న ఇంటి తలుపు ఆమె కోసం తెరుచుకోలేదు. అటు వెళ్లి తిరిగి వచ్చిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. లోపలికి రావాలా వద్దా అన్నట్టు గడప ముందే ఆగింది.

యాకమ్మ తంగేడు పూలు కిందపెట్టి లేచింది.

"మీనా, చెంబుల నీళ్లు తే" అంది. "మన ఇంటికి బిడ్డొచ్చింది."

బొల్లం సోమలక్ష్మి
వయసు అరవై ఎనిమిది
ఇప్పుడు ఉండేది నెల్లికుదురు