బోర్లించిన కార్డు

ఉదయం ఏడున్నరకు ఆ ఇంట్లో మూడు పనులు ఒకేసారి సాగుతాయి. కోడలు వంటింట్లో గిన్నెలు కడుగుతుంది, కొడుకు అద్దం ముందు గడ్డం గీసుకుంటాడు, పెద్దాయన వరండాలో కుర్చీ వేసుకుని పత్రికను మొదటి అక్షరం నుంచి చదువుతారు. ముప్పైనాలుగేళ్ళు తపాలా బట్వాడా చేసి విరమించిన మనిషి ఆయన. వీధిలో ఇప్పటికీ ఆయనను పోస్టుమాస్టారని పిలుస్తారు. తాను మాస్టరును కాననీ, పోస్ట్‌మ్యాన్‌ననీ ఆయన ప్రతిసారీ సరిదిద్దుతారు.

ఉద్యోగం గురించి ఆయనకున్న గర్వం ఒక్కటే. కార్డులను చిరునామా వైపే పైకి ఉంచి, రాసిన విషయం కంటబడకుండా బోర్లించి పట్టుకునేవారు. పెళ్ళి కబురైనా, చావు కబురైనా ఇంటివాళ్ళకు తెలిసిన తరువాతే తనకు తెలియాలన్నది ఆయన నియమం.

ఆ ఉదయం వంటింటి గట్టు మీద కోడలి ఫోన్ మోగింది. ఆమె చేతులు సబ్బు నురగలో ఉన్నాయి. సగం గీసిన గడ్డంతో వచ్చిన భర్త, నురగ అంటుకుంటుందని ఫోన్ చెవికి ఆనించకుండా స్పీకర్ నొక్కాడు.

"నమస్కారం సార్. మీ ఇంట్లో మతిమరుపు మొదలైన డెబ్బై రెండేళ్ళ పెద్దాయన కోసం చేతికి కట్టే పరికరం ఒకటుంది సార్. ఆయన దారి తప్పితే వెంటనే మీ ఫోన్‌కి..."

ఆమె తడిచేత్తోనే ఫోన్ కట్ చేసింది. వరండాలో పత్రిక చప్పుడు ఆగిపోయింది.

"ఎవరికి మతిమరుపు?" అన్నాడు భర్త.

"రాంగ్ నంబర్ లెండి. వెళ్ళి ఆ రెండో చెంప కూడా గీసుకోండి."

"వయసుతో సహా చెప్పాడు. మన గుమ్మంలో డెబ్బై రెండేళ్ళవాళ్ళు ఎంతమంది ఉన్నారు?"

పెద్దాయన పత్రికను నాలుగు మడతలు పెట్టి, చంకలో ఉంచుకుని లోపలికి వచ్చారు.

"అమ్మాయీ, నా బల్ల సొరుగు తీసి నోటుపుస్తకం చదివావా?"

"లేదు మామయ్యగారూ."

"తీయకుండానే ఊళ్ళోవాళ్ళకి తెలిసిందా? అందుకేనా పది రోజుల నుంచి పాలకీ కూరలకీ కూడా చీటీ రాసి నా చేతిలో పెడుతున్నావు? పరాయి ఉత్తరం చింపి చదివినవాణ్ణి మా ఆఫీసులో ఒక్కరోజు కూడా ఉంచేవాళ్ళు కాదు."

"ఏ ఉత్తరం నాన్నా?" అన్నాడు కొడుకు.

ఆమె చేతులు తుడుచుకుంది.

"ఉత్తరం మీరే రాశారు మామయ్యగారూ. నేను చింపలేదు, ఇలాంటి ఫోన్ల రూపంలో నా చేతికి తెరిచే వచ్చింది. పోయిన నెల టాబ్లెట్‌లో ఏదో ఉచిత జ్ఞాపకశక్తి పరీక్ష రాశారు. నంబరడిగితే నాది వేశారు. నా ఫోన్‌కి వచ్చిన ఆరంకెలు చెప్పమన్నారు. గిన్నెలు తోముకుంటూ చెప్పేశాను, దేనికని అడగలేదు."

"నేను నిన్ను అంకెలడిగానా?"

ఆమె తడిసిన ఫోన్‌ను కొంగుతో తుడిచింది.

"అడగలేదు," అన్నారు ఆయన. ఆ మాటకు బలం చాలలేదు.

ఆయన తన గదిలోకి వెళ్ళి మరిచిపోకుండా అన్నీ రాసుకునే నోటుపుస్తకాన్ని సొరుగులోంచి తెచ్చుకున్నారు. పేజీలో తన గుండ్రటి దస్తూరితోనే తేదీ, ఆరు అంకెలు ఉన్నాయి. పక్కన 'కోడలు చెప్పింది' అని రాసి ఉంది. ఆయన దానిని రెండుసార్లు చదివారు.

ఈలోగా కొడుకు టాబ్లెట్ తెరిచాడు. పరీక్ష చివర ఒక పొడవాటి పత్రం, దాని అడుగున టిక్కు పెట్టిన చిన్న గడి కనిపించాయి.

"మీ ఫలితం వాళ్ళ భాగస్వామ్య సంస్థలకి ఇవ్వడానికి ఒప్పుకున్నట్టు ఉంది నాన్నా. ఇది చదివారా?"

"అక్షరాలు చీమల్లా ఉన్నాయిరా. డాక్టరుతో చెప్పుకున్నట్టే కదా, బయటికెందుకు పోతుందిలే అనుకున్నాను."

చదువుకునే సంతకం పెట్టండని రిజిస్టరు ఉత్తరాల దగ్గర వేలమందికి చెప్పిన మనిషి ఆయన. ఆ సంగతి ముగ్గురికీ గుర్తుంది.

"తీసేయమని రాద్దాం," అన్నాడు కొడుకు.

"రాశాను. ఆ కంపెనీ తీసేస్తానంది. అది ఎవరెవరికి ఇచ్చిందో వాళ్ళ దగ్గర ఉండిపోయింది," అన్నది ఆమె. "రోజుకి ఐదారుగురు ఫోన్ చేస్తున్నారు. నా నంబరెక్కడిదంటే జాబితాలో వచ్చిందంటారు. జాబితా ఎవరిచ్చారంటే పెట్టేస్తారు."

"పది రోజులుగానా? నాతో ఒక్క మాట అనొచ్చుగా."

"అది నా కబురు కాదు కదండీ. ఎవరిదో వాళ్ళు చెప్పాకే మీకు తెలియాలి."

పెద్దాయన తలెత్తి చూశారు.

"మరి ఆ చీటీలు?"

"మీ ఒక్కరికే ఇస్తే మీకు చిన్నతనంగా ఉంటుందని ఇంట్లో అందరికీ రాస్తున్నాను."

"అదా సంగతి. నా జేబులో బ్లేళ్ళూ సబ్బూ అని పెడుతుంటే, నామీద నమ్మకం పోయిందేమో అనుకున్నాను," అన్నాడు భర్త. నవ్వబోయి, తండ్రి ముఖం చూసి ఆగిపోయాడు.

ఫోన్ మళ్ళీ మోగింది. తెలియని నంబరు. ఆమె అలవాటుగా దానిని గట్టు మీద బోర్లించింది. పెద్దాయన ఆ చేతినే కొంతసేపు చూశారు. తరువాత తానే ఫోన్ తిప్పి, తీసుకున్నారు.

"ఆ పెద్దాయనని నేనే బాబూ. నీకు నా కబురు ఎవరిచ్చారో నాకు తెలియదు. మా ఇంట్లోవాళ్ళకి నేనింకా చెప్పుకోలేదు. ముందు నన్ను చెప్పుకోనివ్వు."

ఫోన్ పెట్టేసి కుర్చీ లాక్కున్నారు.

"అమ్మాయీ, నిన్ను అనరాని మాట అన్నాను. అది కూడా మరిచిపోయేలోగా చెబుతున్నాను, తప్పు నాది." ఆమె కొంగు కళ్ళకు అద్దుకుంది. "కూర్చోండి ఇద్దరూ. ఆ చెంప తరువాత గీసుకుందువులే. నెల కిందట దారి తప్పాను. కొత్త చోట కాదు. ముప్పైనాలుగేళ్ళు ఉత్తరాలు పంచిన వీధిలో, ఒక గుమ్మం ముందు నిలబడి, అది ఎవరిదో తెలియక..."

కొడుకు ఆయన పక్కన నేలమీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. గట్టు మీద ఫోన్ మరోసారి మోగి, దానంతట అదే ఆగింది.