తలుపు మూసినా తెగని మాట

ఆ రోజు ఇంట్లో ఐదుగురు ఉన్నారు. ముందు గదిలో తలుపేసుకుని ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతున్న మావయ్య. వెనక గదిలో ఉద్యోగం కోసం తపస్సు చేస్తున్న బావ. హాల్లో రౌటర్ పక్కనే కుర్చీ వేసుకున్న బామ్మ. ఎవరి మీద విసుక్కోవాలో తేల్చుకోలేక తిరుగుతున్న అత్తయ్య. ఐదో మనిషి ఆమె. మేనత్త ఇంట్లో ఉంటూ నెట్‌వర్కింగ్ కోర్సు చివరి ఏడాది చదువుతోంది. అడుగుల చప్పుడైనా వినపడదని అందరూ ఆమెను పిల్లి అంటారు.

పదకొండు గంటలకు బావకి ఇంటర్వ్యూ. నిన్న మధ్యలో రెండుసార్లు నెట్ తెగిపోయింది. ఈసారీ తెగితే ఇంక పిలవబోమని కంపెనీవాళ్లు చెప్పేశారు.

"నాన్నా, ఒక్క గంట క్లాసు ఆపవా?"

"రేపు పరీక్షరా వాళ్లకి! నలభై మందిని గాలికొదిలెయ్యమంటావా?"

బావ హాల్లోకి వచ్చి తల పట్టుకున్నాడు. "రౌటర్ పవర్ మొత్తం పెంచేశాను. అయినా ఇంతే."

"గొంతు పెంచితే ఏం లాభం?" అంది పిల్లి, గోడకి చెబుతున్నట్టు.

"అబ్బో! పిల్లికి మాటలొచ్చాయే!"

మామూలుగా అయితే ఆమె చెవులు ఎర్రబడి పారిపోయేది. ఈరోజు కదల్లేదు.

"నీ ల్యాప్‌టాప్‌కీ, మావయ్య ల్యాప్‌టాప్‌కీ రౌటర్ వినపడుతుంది బావా. ఒకదానికొకటి మాత్రం వినపడవు. మధ్యలో ఇన్ని గోడలు, రెండు తలుపులు. అవతలిది మాట్లాడుతోందని తెలియక రెండూ ఒకేసారి అందుకుంటాయి. రౌటర్‌కి ఒక్క ముక్కా అర్థం కాదు."

"నా బతుకూ అంతేగా," అంది అత్తయ్య. "తండ్రీ కొడుకులు చెరో గదిలోంచి ఒకేసారి కేకేస్తారు."

"అయితే తలుపులు తీసి పెడదామా?" అన్నాడు బావ.

"మావయ్య త్రికోణాలన్నీ నీ ఇంటర్వ్యూలోకి వస్తాయి. అదేం వద్దు. అడిగి మాట్లాడేలా పెడతాను. ముందు 'మాట్లాడనా?' అని చిన్న కబురు వెళ్తుంది. రౌటర్ 'సరే' అంటుంది. ఆ 'సరే' రెండోదానికీ వినపడుతుంది కాబట్టి, అది నోరు మూసుకుని ఆగుతుంది."

రౌటర్‌లో, రెండు ల్యాప్‌టాప్‌లలో సెట్టింగులు మార్చింది. ఒక్క అక్షరం తప్పలేదు. రెండు తలుపులూ మూయించి, బావ చేత స్నేహితుడికి వీడియో కాల్ చేయించింది. ఐదు నిమిషాలు. ఒక్కసారి కూడా తెగలేదు.

ముందు గదిలోంచి మావయ్య గొంతు ఖంగుమంది. "పిల్లలూ, ఇప్పుడు బొమ్మ కదులుతోందా? మా మేనకోడలు బాగుచేసింది! అది పిల్లి కాదు, పులి!"

బావ బయటికొచ్చాడు. పదకొండుకి రెండు నిమిషాలే ఉన్నాయి.

"నేను..." అన్నాడు.

"అదీ..." అంది ఆమె.

ఇద్దరూ ఆగారు. మళ్లీ ఇద్దరూ ఒకేసారి మొదలెట్టారు.

బామ్మ పకపకా నవ్వింది. "ముందు మీ ఇద్దరికీ పెట్టవే ఆ సెట్టింగు!"

"సరే, అడిగే మాట్లాడతాను," అన్నాడు బావ. ఇప్పుడు అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఈ ఉద్యోగం వచ్చినా రాకపోయినా, సాయంత్రం నీకో మాట చెప్పాలి. రెండేళ్లుగా గొంతులోనే ఉండిపోయింది. చెప్పనా?"

అత్తయ్య ఊపిరి బిగబట్టింది. బామ్మ మావయ్య గది వైపు చూసి, నోటి మీద వేలేసుకుంది.

"చెప్పు," అంది ఆమె. ఈసారి గోడకి కాదు, సూటిగా అతని కళ్లలోకి చూస్తూ.

"మరి తలుపేస్తే తెగదుగా?"

"నేను పెట్టిన సెట్టింగు బావా అది. మూసి చూడు."

బావ నవ్వుతూ ఇంటర్వ్యూకి తన గదిలోకి వెళ్లి, ఆమె ముఖం మీదే తలుపు మూసి, ధీమాగా గడియ కూడా పెట్టాడు.