ఉమ్మేసిన కాఫీ

శివకుమార్ ఆ కాఫీని మింగలేదు. ఉమ్మేశాడు.

అదీ ఎక్కడ? అరకు జీపుస్టాండు పక్కన సోములమ్మ హోటల్లో, కాఫీ కలిపి తెచ్చిన అమ్మాయి ఇంకా బల్ల దగ్గర నిలబడి ఉండగానే.

ముందు చెంచాతో తీసుకున్నాడు. సుర్రుమని ఈల వేసినట్టు పీల్చాడు. కళ్ళు మూసుకుని నోట్లో అటూ ఇటూ తిప్పాడు. పక్కనున్న ఖాళీ గ్లాసు అందుకుని అందులోకి వదిలేశాడు.

కళ్ళు తెరిచాక గాని తను ఎక్కడున్నాడో గుర్తు రాలేదు.

హోటల్లో ఇడ్లీ తుంచుతున్న చేతులు తుంచుతున్నట్టే ఉండిపోయాయి.

"ఏటి సేసినావు?" అంది ఆ అమ్మాయి.

"అది... అలవాటండీ."

"కాఫీ ఉమ్మడం అలవాటా?"

"ఉద్యోగమండీ."

ఆమె వంటగది వైపు తిరిగింది. "అమ్మా, ఓపాలి ఇలగ రా. కాఫీ ఉమ్మితే జీతమిత్తారంట ఈ బాబుకి."

అందులో అబద్ధమేమీ లేదు. శివకుమార్‌ది తణుకు. కొండ మీద చింతగరువులో ఉన్న కాఫీ యూనిట్‌లో రుచి చూసే ఉద్యోగానికి ట్రైనీగా వచ్చాడు. రోజంతా వరసగా పెట్టిన గిన్నెల్లోంచి చెంచాతో తీసుకోవడం, పీల్చడం, ఉమ్మడం, మార్కులు వెయ్యడం. అన్నీ మింగితే మధ్యాహ్నానికే గుండె దడదడలాడుతుంది. విశాఖలో నేర్పినన్నాళ్ళూ ఇదే పని కావడంతో, ఇప్పుడు గ్లాసులో ఏది కనిపించినా చెయ్యి చెంచా కోసం వెతుకుతోంది.

సోములమ్మ చట్నీ గరిటెతోనే బయటికొచ్చింది. గ్లాసు చూసింది. అతన్ని చూసింది.

"బాగోలేదా నాయనా?" అంది మెల్లగా.

తిట్టినా బాగుండేది అనుకున్నాడు శివకుమార్. "బాగుందండీ."

"బాగున్నదాన్ని ఎవులైనా ఉమ్ముతారా?" అంది కూతురు. ఆమె పేరు సోని అని వాళ్ళమ్మ కేకేసినప్పుడు తెలిసింది. "టిపినెట్టు, బోయనమెట్టు. కాఫీ మాత్రం ఈ గుంటడికి పొయ్యొద్దమ్మా."

అలా, ఉద్యోగంలో చేరకముందే శివకుమార్‌కి అరకులో కాఫీ బందైపోయింది.

*

చింతగరువు వెళ్ళాలంటే వరహాలు జీపే దిక్కు.

"ఎన్నింటికి బయలుదేరుతుందండీ?" అని అడిగాడు శివకుమార్.

"నిండినప్పుడు."

"ఎప్పుడు నిండుతుంది?"

"జనం వచ్చినప్పుడు," అన్నాడు వరహాలు టైరుని కాలితో తన్ని చూసుకుంటూ.

వెనకాల మనుషులు ఒకరి ఒళ్ళో ఒకరున్నారు. డ్రైవరు పక్కన సీటు మాత్రం ఖాళీ. తన అదృష్టానికి మురిసిపోతూ ఎక్కి కూర్చున్నాడు శివకుమార్. వరహాలు వచ్చి తలుపు తీశాడు.

"దిగు బాబూ. ఇది మా ఇంటోళ్ళ సీటు. మా అప్ప సోములమ్మ వొత్తే కూకుంటది. లేపోతే మా కోడలు సోని. ఎవులూ రాపోతే కాళీగా ఉంటది."

మేనకోడలు అన్నమాట. శివకుమార్ దిగాడు.

వెనక్కి వెళ్తే అందరూ సర్దుకుని మరీ అంచున చోటిచ్చారు. గాలి, లోయ, కాఫీ తోటల మీద పాకుతున్న పొగమంచు. ఈ ఊరివాళ్ళకి కొత్తవాళ్ళంటే ఎంత మర్యాదో అనుకున్నాడు. రెండో మలుపులో పక్కనున్న ముసలామె అసలు సంగతి చెప్పింది.

"ఉమ్మే బాబువి నువ్వే కదా. బయటికి తిరిగి కూకో నాయనా. మామీద పడకండా."

అరకులో కబుర్లు ఫోనులో కంటే జీపులో ముందు వెళ్తాయని అప్పుడే తెలిసింది.

ఆ హోటల్ మొహం మళ్ళీ చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. టూరిస్టు రిసార్టులో తిన్నాడు, అక్కడ అన్నిట్లోనూ ఒకే మసాలా. రోడ్డు పక్కన బొంగు చికెన్ తిన్నాడు. నిప్పుల్లోంచి తీసిన వెదురుబొంగు చీల్చి ఆకులో పోస్తే, ఆగలేక నోట్లో వేసుకున్నాడు. నాలుక కాలింది. మర్నాడు యూనిట్‌లో ప్రతి గిన్నే వేన్నీళ్ళలాగే అనిపించింది.

సీనియర్ టేస్టరు సత్యనారాయణ గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "వడ్రంగి ఉలిని పొయ్యిలో పెట్టుకుంటాడటయ్యా?"

ఆ సాయంత్రం తల వంచుకుని సోములమ్మ హోటల్‌కే వెళ్ళాడు. సోని చల్లటి రాగి అంబలి, కారం వెయ్యని రాజ్మా కూర తెచ్చి ముందు పెట్టింది.

"నాలిక కాలిందంట కదా."

"మీకెలా తెలుసండీ?"

"జీపులో వచ్చింది."

నవ్వుతుందేమోనని తలెత్తి చూశాడు. అప్పటికే వెనక్కి తిరిగింది. కానీ జడ ఊగిన తీరు చూస్తే నవ్వినట్టే ఉంది.

*

అక్కణ్ణుంచి రోజులు తేలిగ్గా నడిచాయి.

ఊరిని ఎలా వాడుకోవాలో సోని నేర్పింది. కిరండూల్ రైలు దిగిన టూరిస్టులు వచ్చేలోపే భోంచెయ్యాలి. శుక్రవారం సంతరోజు జీపులు బేగి నిండుతాయి, మిగతా రోజుల్లో పుస్తకం తెచ్చుకోవాలి. టిఫిను, భోజనం, కబుర్లు అన్నీ దొరికేవి. కాఫీ అడిగితే మాత్రం గ్లాసుడు వేన్నీళ్ళు వచ్చేవి.

"ఇదైతే ఉమ్మినా నాకు బాద లేదు," అనేది.

ఒక మధ్యాహ్నం సన్నజల్లు. జీపు నిండలేదు. వరహాలు టీకి వెళ్ళాడు. ముందు సీట్లో సోని, వెనక అంచున శివకుమార్. మధ్యలో నాలుగు అల్లం బస్తాలు. అద్దం మీద ఆవిరి పట్టింది. సోని దాని మీద వేలితో చిన్న కప్పు గీసింది.

"తోటకెళ్తన్నావా?" అన్నాడు. ఆమె దగ్గర అతనికీ కాస్త యాస అంటింది.

"ఊఁ. పళ్ళు కోతలవుతున్నాయి. ఈ ఏడు మా కాఫీ మీ యూనిట్‌కిచ్చినాం, తెలుసా? మంచి మార్కులొత్తే పేకెట్టు మీద మాయమ్మ పేరేత్తారంట. సోములమ్మ కాఫీ." గీసిన కప్పు మీద పొగ కూడా గీసింది. "ఇన్నేళ్ళు ఆ హోటల్ నడిపింది కదా, దానికి బోర్డన్నది లేదు. ఆ పేకెట్టొకటి వొత్తే సాలు. గోడకి అంటించేత్తాను."

సోని వెనక్కి తిరిగింది. "ఇంతకీ మా కాఫీ ఎలగుందో నువ్వు సెప్పనేలేదు."

మొదటి రోజు నాలుక మీద తిరిగిన ఆ రుచి అతనికి బాగా గుర్తుంది. లోపల నారింజలాంటి పులుపు, బెల్లంలాంటి తీపి. వాటి నిండా పొగ. హోటల్లో కట్టెల పొయ్యి పైన అటక మీద గింజలు ఆరబెడుతున్నారని ఆ తర్వాత కళ్ళారా చూశాడు. మార్కులు వేసేవాళ్ళకి పొగ వాసన తగిలిందంటే ఇంకేం చూడరు.

చెప్పొచ్చు. ఇదే సమయం. కానీ అద్దం మీది కప్పు, ఆ కళ్ళు...

"బాగుందండీ," అన్నాడు.

ఆ వారంలోనే ఆ కాఫీ గిన్నెల్లోకి వచ్చింది. గిన్నెల మీద నంబర్లే ఉంటాయి, పేర్లు అడుగున చీటీలో దాగి ఉంటాయి. అయినా ఒక చెంచా నోట్లో పడగానే శివకుమార్‌కి తెలిసిపోయింది. అటక, పొయ్యి, సోములమ్మ గరిటె అన్నీ కళ్ళముందు కదిలాయి.

"చెప్పు," అన్నారు సత్యనారాయణ గారు.

అబద్ధం చెప్పాలంటే ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక మీదికి రాలేదు.

"పొగండీ."

"నాకూ అదే తగిలింది. తీసెయ్."

బయటికొచ్చేసరికి వరహాలు జీపు కొండ దిగడానికి సిద్ధంగా ఉంది. అందులో యూనిట్ మనుషులు ఇద్దరు అప్పుడే కూర్చుని మాట్లాడుకుంటున్నారు. అంటే కబురు కూడా ఎక్కేసింది. కానీ జీపింకా నిండలేదు.

శివకుమార్ ఆగలేదు. అడ్డదారిన కొండ దిగడం మొదలుపెట్టాడు.

జారాడు, లేచాడు, మిరియాల తీగలు పట్టుకుని దిగాడు. వెనక ఎక్కడో జీపు స్టార్టయిన చప్పుడు వినగానే పరిగెత్తాడు. హోటల్ గుమ్మంలో నిలబడేసరికి మోకాళ్ళ దాకా బురద.

"మీ కాఫీ పాసవలేదు," అన్నాడు ఊపిరి తీసుకోకుండానే. "పొగ వాసన ఉంది. చెప్పింది నేనే."

సోని చేతిలో ప్లేట్లు అలాగే ఉన్నాయి. "పొగని నీకెప్పుడు తెలుసు?"

"మొదటి రోజే."

"మరి జీపులో బాగుందన్నావు."

"నువ్వు బాధపడతావని..."

"ఆ రోజు అందరి ముందూ ఉమ్మినావు, కోపమొచ్చినా నిజమే కదా అనుకున్నాను." ప్లేట్లు బల్ల మీద పెట్టింది. "నేనడిగినప్పుడు మాత్రం అబద్దమాడినావు. కింద నుంచొచ్చినోళ్ళందరూ ఇంతే. ఉన్నన్నాళ్ళూ బాగుందంటారు. సీజనవగానే దిగిపోతారు."

"ఇంకా సగం పళ్ళు చెట్ల మీదే ఉన్నాయి సోనీ. అటక మీద కాకుండా ఎండలో ఆరబెడితే..."

"ఎండేది?" ఆమె బయటికి చెయ్యి చూపించింది. లోయంతా మంచు, ఎదురింటి గోడ కూడా సరిగా కనిపించడం లేదు. "సరదాకి ఎక్కించినామా అటక మీద?"

ఆ ప్రశ్నకి జవాబు అప్పుడే జీపు ఆపి లోపలికొచ్చిన వరహాలు దగ్గరుంది.

"ఎండా?" అన్నాడు వరహాలు. "పైన చింతగరువులో ఉంది కదే. ఈ మంచు మలుపు దాకే. పొద్దున్న దాని మీదకెల్తే కళ్ళు జిగేల్మంటాయి. రోజూ ఎక్కుతున్నాను, నన్నెవులడిగినారు?"

సోములమ్మ పొయ్యి దగ్గర్నుంచి అందరినీ చూసింది. "మనం తాగేది అటక మీదే ఉంటది, పొగ లేపోతే నాకది కాఫీలాగుండదు," అంది. "అమ్మేది మాత్రం జీపెక్కించు."

*

మర్నాటి నుంచి వరహాలు జీపు టాపు మీద, కోళ్ళ గంపల పక్కన, కడిగిన తడి కాఫీ గింజల బుట్టలు ఎక్కాయి. వాటిని పట్టుకుని శివకుమార్ ఎక్కాడు. మలుపు దాటగానే మంచు కింద ఉండిపోయేది, పైన బంగారం లాంటి ఎండ. వరహాలు అత్తవారి కళ్ళంలో టార్పాలిన్ పరిచి గింజలు పోసేవారు. అవి ఎండుతుంటే సోని గట్టు మీద కూర్చుని కాపలా కాసేది. శివకుమార్ భోజనం వేళ యూనిట్ నుంచి వచ్చి గింజలు తిరగేసి వెళ్ళేవాడు.

మొదట్లో సోని మాట్లాడలేదు. ఒకరోజు, "ఆ మూల కూడా తిరగెయ్యి," అంది. ఆ మర్నాడు టిఫిను డబ్బా అతని వైపు జరిపింది. ఆ పై వారం, అతను జీపు టాపు మీద చలికి వణుకుతుంటే కింద నుంచి తన శాలువా విసిరింది.

"జలుబు సేత్తే ముక్కు పన్జెయ్యదు. మా గింజలు పోతాయి," అంది.

గింజల కోసమే అన్నట్టు అతను ఆ శాలువాని బుద్ధిగా కప్పుకున్నాడు.

గింజలు ఎండాయి. మళ్ళీ గిన్నెల్లోకి వచ్చాయి. శివకుమార్ ఒక్కొక్క గిన్నే దాటుకుంటూ వెళ్తున్నాడు. పీల్చడం, తిప్పడం, ఉమ్మడం. సోములమ్మ కాఫీ ఏదో ఈసారి పొగని బట్టి పట్టడానికి లేదు, ఎందులోనూ పొగ లేదు. ఒక గిన్నె దగ్గర నారింజ పులుపు నాలుక మీద విచ్చుకుంది, వెనకే బెల్లం తీపి. కళ్ళు మూసుకున్నాడు.

"అదేంటి, ఉమ్మలేదే?" అన్నారు సత్యనారాయణ గారు.

"మింగేశానండీ. తెలీకుండానే."

ఆయన తనూ ఒక చెంచా తీసుకున్నారు. గిన్నె అడుగున అంటించిన చీటీ తిప్పి చూశారు.

"సోములమ్మ ఎవరు?"

*

మర్నాడు పొద్దున శివకుమార్ హోటల్‌లో అడుగుపెట్టేసరికి బెంచీలన్నీ నిండిపోయి ఉన్నాయి. అందరూ అతన్నే చూస్తున్నారు.

"ఉమ్మే బాబు మింగేసినాడంట," అంది జీపు ముసలామె పక్కామెతో.

సోని వచ్చింది. బల్ల మీద గ్లాసు పెట్టింది. వేన్నీళ్ళు కాదు. కాఫీ. చెంచా లేదు.

శివకుమార్ గ్లాసు ఎత్తాడు. తాగాడు. హోటలంతా అతని గొంతునే చూస్తోంది. చివరి చుక్క దాకా తాగి గ్లాసు దించాడు.

"ఎలగుంది?"

"పొగ వాసనొస్తోంది."

"ఇది అటక మీదదే. మరి ఉమ్మలేదేటి?"

"ఉమ్మేది పనిలో ఉన్నప్పుడు. ఇంట్లో కాఫీ ఎవరైనా ఉమ్ముతారా అండీ?"

అన్నాక గాని తనేం అన్నాడో అతనికే అర్థం కాలేదు.

"ఎవులింట్లో?" అంది సోని మెల్లగా.

వెనక్కి తగ్గడానికి దారి లేదు. ఉన్నా అతనికి అక్కర్లేదు. "నువ్వు ఒప్పుకుంటే, ఇదే."

"సీజనైపోతే?"

"వచ్చే ఏడాది జీపు టాపు మీద బుట్టలెవరు పట్టుకుంటారు?"

సోని పైకి చూసింది, కిందకి చూసింది, గ్లాసు తీసుకుని అనవసరంగా తుడిచింది. "నాకిష్టమే," అంది గ్లాసుతో. "ముందు ఆ అండీ మానెయ్యమను."

వంటగది గుమ్మంలో సోములమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "మీయమ్మని ఓపాలి ఇక్కడికి తీసుకురా నాయనా. ఇదే కాఫీ పోత్తాను. ఆవిడ ఉమ్మపోతే, అప్పుడు కూకుని మాటాడుకుందాం."

బయట వరహాలు హారన్ కొట్టాడు.

శివకుమార్ అలవాటుగా జీపు వెనక అంచుకే వెళ్ళాడు. అక్కడ కాలు పెట్టే చోటు కూడా లేదు. ముందు సీటు మాత్రం ఎప్పటిలాగే ఖాళీగా ఉంది.

"అక్కడేటి బాబూ," అన్నాడు వరహాలు ముందు తలుపు తీసి పట్టుకుని. "ఎక్కు."

ఎక్కాడు. మరుక్షణం సోని కాఫీ బుట్టతో పరిగెత్తుకొచ్చి పక్కనే ఇరుక్కుంది.

"కొంచెం జరుగు."

జరగడానికి చోటు లేదు. అతను జరుగుతున్నట్టు నటించాడు.

వరహాలు ఇద్దర్నీ ఓసారి చూసి గేరు వేశాడు.

"ఇప్పుడు నిండింది," అన్నాడు.