తిరగేసి బిగించిన ఫ్యాను

ఏనుగు వచ్చి తోసినా కదలని టేకు తలుపు అది! అలాంటి తలుపును ఆ ఇంటి కోడలు ఒక్క భుజం తోపుతో ఊడగొట్టింది. నేను చెబుతున్నాను కదా, నమ్మండి! అయితే ఆ తోపుకు ముందు ఆ పిల్ల పడ్డ భయం ఉంది చూశారూ... అది పగవాళ్ళకు కూడా వద్దు తల్లీ!

అత్తగారు సాయంత్రం స్నానానికి వెళ్ళి చాలాసేపయింది. కోడలు వంటింట్లో కూర తరుగుతోందన్న మాటే గానీ చెవులు రెండూ బాత్రూం వైపే ఉన్నాయి. లోపల నీళ్ళు పడుతున్న చప్పుడు ఎంతకీ ఆగడం లేదు. బకెట్ నిండకముందే కుళాయి కట్టేసే మనిషి, చెంబెడు నీళ్ళు ఒలికితే ఇల్లంతా వినపడేలా చీవాట్లు పెట్టే మనిషి... ఇవాళ ఇంతసేపు నీళ్ళు వదిలేస్తుందా?

"ఏమండీ! అత్తయ్య ఇంకా రాలేదు. ఒక్కసారి పిలవండి."

హాల్లో స్క్రూడ్రైవర్లు తుడిచి పెట్టెలో సర్దుకుంటున్న భర్త తల కూడా ఎత్తలేదు. "అమ్మ స్నానం చేస్తూ ఎప్పుడైనా పలికిందా? పిలిచామంటే బయటికొచ్చి ఇల్లు పీకి పందిరేస్తుంది. నీకు తెలీదా?"

తెలుసు. స్నానం చేసే ఆడదాని గొంతు గది దాటకూడదని అత్తగారి పట్టుదల. ఇంటికి నిప్పంటుకున్నా ఆవిడ లోపలి నుంచి "ఊఁ" అనదు. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు తెలియక తలుపు తట్టి, "ఫోనొచ్చిందత్తయ్యా" అన్న పాపానికి, ఎన్ని రోజులు ఆ ముఖం చూడకుండా తల దించుకుని తిరిగిందో!

మరి ఇవాళ ఈ గుండె ఎందుకింతలా కొట్టుకుంటోంది?

అసలు ఆ బాత్రూంలో ఫ్యాను పెట్టిద్దామన్నది కోడలే. గోడలకు నల్లగా బూజు పట్టేసింది. వేడినీళ్ళ ఆవిరికి అత్తగారికి ఆయాసం వస్తోంది. "ఆవిరి బయటికి పోతే మీకు హాయిగా ఊపిరాడుతుందత్తయ్యా" అని గడ్డం పట్టుకుని బతిమాలింది. "ఇవాళ గోడకి కన్నం పెడతానంటావు, రేపు నా నెత్తికి పెడతావు!" అని అత్తగారు చాలాకాలం సాధించి, చివరికి ఒప్పుకున్నారు. పని మాత్రం కొడుకే చెయ్యాలట. ఇంట్లో ఆయన్ని అందరూ 'ఇంజనీరు గారు' అని వేళాకోళం చేస్తారు లెండి. ఆయన బాగుచేసిన కుర్చీలో చుట్టాలెవరూ కూర్చోరు!

ఇవాళ మధ్యాహ్నమే ఆయన వెంటిలేటరు అద్దం తీసేసి ఫ్యాను అందులో నిలబెట్టాడు. కింద స్టూలు పట్టుకున్న అత్తగారు పైకి చూసి, "ఒరేయ్ నాన్నా, ఆ తెల్ల రెక్కల మూత ఉన్నవైపు ఎంత ముచ్చటగా ఉందిరా! ఆ సోకంతా పెరటికెందుకు? మనవైపు తిప్పు!" అన్నారు. అమ్మ మాట జవదాటని కొడుకు ఫ్యానును తిరగేసి బిగించేశాడు. స్విచ్ వేస్తే రెక్కలు లోపలికి తెరుచుకుని చల్లటి గాలి రివ్వున కొట్టింది. "అబ్బ! ప్రాణం లేచొచ్చింది. మంచి ఆలోచనే చేశావే అమ్మాయ్!" అంటూ అత్తగారు నవ్వారు.

గాలి లోపలికొస్తే ఆవిరి బయటికెలా పోతుంది? అనుమానం కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇన్నేళ్ళకు తనను చూసి నవ్విన ఆ నవ్వును పాడుచేసుకోలేక... మింగేసింది.

ఇప్పుడు ఆ మింగినదే గొంతుకు అడ్డం పడింది! కత్తిపీట పక్కకు తోసి పెరట్లోకి పరుగెత్తింది. బయట గోడకు, సరిగ్గా ఆ ఫ్యాను కిందే గ్యాస్ గీజరు. నీలం మంట భగభగ మండుతూనే ఉంది. పక్కన తీగమీద ఆరేసిన తువ్వాలు కొస పైకి లేచి, ఎవరో గుంజుతున్నట్టు ఫ్యాను వైపు సాగుతోంది. కింద మంట, మంట మీద పొగ, ఆ పొగను లోపలికి పీల్చేస్తున్న ఫ్యాను... లోపల తలుపేసుకున్న అత్తయ్య! గ్యాస్ కట్టేసి లోపలికి ఉరికింది.

"అత్తయ్యా! పలకండత్తయ్యా! పోనీ తిట్టండి... ఒక్క తిట్టు తిట్టండి చాలు!"

నీళ్ళ చప్పుడు తప్ప మరేమీ లేదు.

"ఏంటా గోల? పిచ్చా నీకు?" అంటూ భర్త లేచాడు.

ఒంటిమీద బట్టలేని పెద్దావిడ ఉన్న గది తలుపు పగలగొట్టడమా! ఆవిడ క్షేమంగా ఉంటే ఈ ఇంట్లో తన బతుకు ఇవాళ్టితో సరి. 'నా బతుకు ఏమైనా ఫర్వాలేదు దేవుడా... ఆవిడ లేచి నన్ను తిట్టాలి!' అనుకుని కళ్ళు మూసుకుని భుజంతో తోసింది.

టేకు తలుపన్నాను కదూ? సరే, ప్లాస్టిక్ తలుపే లెండి! ఏనుగు దాకా ఎందుకు, మేకపిల్ల చాలు. పైగా ఆ గడియ బిగించింది ఇంజనీరు గారే కాబట్టి స్క్రూలతో సహా ఊడి కిందపడింది.

అత్తగారు గోడకు చేరగిలబడి, తల వాల్చేసి ఉన్నారు. చెంబు చేతిలోనే ఉంది...

"అమ్మా!" అంటూ భర్త దూసుకురాబోయాడు.

"రావద్దు! అక్కడే ఆగండి!" అలాంటి గొంతు ఆయన ఎప్పుడూ వినలేదు. కోడలు కొక్కేనికి ఉన్న పొడిచీర లాగి, అత్తగారిని మెడనుంచి పాదాలదాకా చుట్టేసింది. "ఇప్పుడు రండి... త్వరగా!"

వీధి చివరి ఆస్పత్రిలో ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. "గీజరు పొగలోని విషానికి వాసన ఉండదమ్మా. నిద్రొస్తున్నట్టే ఉంటుంది," అంది డాక్టరమ్మ. బయట బల్లమీద కోడలు చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. తలుపు కిర్రుమన్నప్పుడల్లా ప్రాణం ఎగిరిపోయేది. ఫ్యాను అడిగింది తను! అనుమానం దాచుకున్నది తను!

చీకటి పడేవేళకు అత్తగారు కళ్ళు తెరిచారు.

"నన్ను క్షమించండత్తయ్యా... ఆ పాడు ఫ్యాను నేనే అడిగాను!" అని కోడలు ఆ పాదాల మీద పడిపోయింది.

"తిప్పమన్నది నేను కదే పిచ్చిదానా..." ఆవిడ చూపు తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు మీదికి పోయి, బెదురుగా వెనక్కి వచ్చింది. "అమ్మాయ్... నన్ను... ఎవరెవరు చూశారు?"

కోడలు ఆవిడ చెవి దగ్గరికి వంగింది. "నేనొక్కదాన్నే అత్తయ్యా. చీర చుట్టాకే ఆయన్ని రానిచ్చాను."

అత్తగారి కళ్ళు చెరువులయ్యాయి. సూది గుచ్చిన చేత్తోనే కోడలి తలను గుండెలకు హత్తుకున్నారు. "నా ప్రాణం పోతుంటే... నా మానం కూడా గుర్తుపెట్టుకున్నావా తల్లీ! నా కన్నకూతురున్నా ఇంతకన్నా ఏం చేస్తుందే!"

ఇదంతా అక్షరాలా జరిగింది. ఒక్క తువ్వాలు మాత్రం నేను కల్పించాను. ఆ తీగ మీద ఆ సాయంత్రం ఏమీ ఆరేసి లేదు. ఫ్యాను పొగ పీలుస్తోందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు, ఏ గుర్తూ కనబడలేదు. ఊరికే భయమేసింది. భయమేసి గ్యాస్ కట్టేసింది, భయమేసి తలుపు తోసింది... అంతే!