దిగుడుబావి కొట్టంల కిష్ట్యా తుపాకి

పాలకీడు దాటి తండాకు పోయే దారిల ఒక దిగుడుబావి, దాని పక్కన పాత మోటార్ కొట్టం ఉన్నయి. పొద్దుగూకినంక అటు మొకాన ఎవరూ పోరు. గాజుల మోతతోని ఒక ఆడదెయ్యం తిరుగుతదంట. చూసినోడు ఒక్కడు లేడు గని... చూసినోని బావమరుదులు మాత్రం ఊరికి పదిమంది ఉన్నరు.

హరిలాల్ ఆ రాత్రి అక్కడికి పోయిండంటే ధైర్యముండి కాదు. పెండ్లాం చాందీ ఎళ్లగొట్టింది.

"పిల్లలు తిరిగే ఇంట్ల ఆ పీడను ఇప్పుతవా? బయటికి నడువ్!"

పీడ అంటే తుపాకి. పోయినేడు చచ్చిపోయిన తండ్రి కిష్ట్యాది — రెండు గొట్టాలది, నడుమకు వంగేది. లైసెన్సు తన పేరు మీదికి మారాలంటే పొద్దున్నే సూర్యాపేటల సార్లకు చూపాలె. చూస్తేనేమో నిండ తుప్పు.

ఫోన్ లైటు పెట్టిండు. తూటాలు లేవని రెండుసార్లు చూసుకున్నడు. గొట్టాల కింది చెక్క పీకిండు, గొట్టాలు ఊడదీసిండు, నూనె గుడ్డతోని తుడిసిండు. ఊకుంటడా — చేతిల మిగిలిన ముక్కను భుజానికి ఆనించి, పెద్ద షికారోని లెక్క ట్రిగ్గర్లు రెండూ నొక్కిండు.

టిక్. టిక్.

ఇగ గంతే. మళ్ల బిగిద్దామంటే కింది చెక్క కూసోదు. ఒత్తిండు. తిట్టిండు. దండం గూడ పెట్టిండు. అంతల ఫోన్ ఛార్జింగ్ ఖతం... చీకటి.

గల్... గల్... గల్...

తలుపు కాడ ఆగింది. హరిలాల్ బిగియ్యని తుపాకిని కావలించుకున్నడు — దానితోని దెయ్యాన్ని ఏం జేస్తడో ఆయనకే ఎరుక లేదు.

"ట్రిగ్గర్ నొక్కినవా?" గుసగుసగ అడిగింది దెయ్యం.

"న... నొక్కిన."

"గొట్టాలు ఊడదీసినంక ఎవడన్న నొక్కుతడార, గాడిదా! లోపలి సుత్తెలు పడిపోతే చెక్క యాడ కూసుంటది?"

"యాడీ?"

యాడీ అంటే తండాల అమ్మ. వచ్చింది తల్లి ద్వాళి. ఆమె చీకట్లనే తుపాకి గుంజుకున్నది. గొట్టాలు మళ్ల తీసి, మిగిలిన ముక్కకు ముందటికి పొడుసుకొచ్చిన మొనలను తలుపు చెక్కకు ఆనించి బలంగ ఒత్తింది. టక్... టక్. గొట్టాలు తగిలించింది, చెక్క పెట్టింది. అది కట్టుమని కూసున్నది.

"నీకెట్లొచ్చు?"

"నలభై ఏండ్లు నేనే ఇప్పిన, నేనే బిగించిన. మీ అయ్యకు కాల్చుడే వచ్చు. నలుగురికి తెలిస్తే ఇజ్జత్ పోతదని, దెయ్యం పేరు పుట్టించి నన్ను రాత్రిపూట గీడికి తోలుకొచ్చేటోడు. నాకేమో చీకటంటే భయం. ఆయన తలుపు కాడ నిలబడి, నేనున్ననని గొంతు సవరించుకుంటుండేటోడు."

హరిలాల్ నవ్విండు. నడుమల ఆగిండు.

"మరి ఇయ్యాల ఒక్కదానివే ఎట్లొచ్చినవ్?"

"ఒక్కదాన్నెందుకొస్త?"

ద్వాళి బయటి చీకటి దిక్కు తిరిగింది.

"అయిపోయింది... ఇగ నడువ్."

బయట ఎవరో మెల్లగ గొంతు సవరించుకున్నరు.