విజిటింగ్ అవర్స్ భార్య

“బయట దొరికే ఏ మందుకీ లొంగని బాక్టీరియా. రెండు ఆస్పత్రుల ఐసీయూల్లో ప్రాణాలు తీసింది. దానంతటది రాలేదు, తెచ్చి పెట్టారు,” అన్నాడు చీఫ్.

“ఎవరు?”

“ఓ విదేశీ ముఠా. దానికి పనిచేసే ఒక్క మందూ వాళ్ల దగ్గరే ఉంది. జనం హడలిపోయాక బేరానికొస్తారు. మూడో టార్గెట్ దొరికింది. నువ్వక్కడ పేషెంటువి. నీకో భార్య కూడా ఉంటుంది.”

గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతని మారుపేరు మిరియం. కాలికి ఉత్తుత్తి సిమెంట్ కట్టు, చేతికర్ర పిడిలో మైక్‌తో ఎముకల వార్డులో చేరాడు.

ఆ భార్య డబుల్ ఏజెంట్. ముఠాలో ఉంటూ చీఫ్‌కి కబుర్లు చేరవేసేది. ఆమె నడిచొస్తుంటే మూలిగేవాళ్లు కూడా మూలగడం ఆపేవారు. రోజూ సాయంత్రం వచ్చి, వార్డుకి ఎదురుగా ఐసీయూ గుమ్మం పక్కనున్న సింకులో చేతులు కడుక్కుని, అతని నుదురు తాకేది.

“ఏమండీ, రాత్రి నిద్ర పట్టిందా?”

నటనేనని మిరియానికి తెలుసు. కానీ ఆ మాట అతన్ని ఎవరైనా అడిగి ఏళ్లయింది. మధ్యాహ్నం దాటితే చాలు, చూపు తలుపుకేసి పోయేది.

“మంచి ఇల్లాలు దొరికిందయ్యా నీకు,” అన్నాడు పక్క మంచం పెద్దాయన. అబద్ధానికి కూడా మురిసిపోయాడు మిరియం.

ఓ రోజు ఆమె సింకు దగ్గర ఆగింది కానీ చేతులు కడుక్కోలేదు. బ్యాగ్‌లోంచి టిష్యూ తీసి వేళ్లు తుడుచుకుంది. నుదురు తాకలేదు.

“కమలాలు పుల్లగా ఉన్నాయండీ.” ముఠా మనిషి వచ్చాడని దాని అర్థం. “మెట్ల దగ్గర, బట్టతలాయన,” అని గొణిగి లేచి వెళ్లిపోయింది.

మిరియం కుంటుకుంటూ మెట్ల దగ్గరికి వెళ్లాడు. బట్టతలాయన చేతిలో ఫ్లాస్కు.

“బాబూ, కాన్పుల వార్డు ఎటు? మా అమ్మాయికి పాప పుట్టింది.”

ఆ ముఖంలో సంతోషం తప్ప ఇంకేమీ లేదు. మిరియానికి సింకు గుర్తొచ్చింది. ఈ రోజు ఆమె ఆ సబ్బు ముట్టుకోలేదు.

“గేట్లు మూయండి. ఆవిడే,” అన్నాడు మైక్‌లో. కట్టు ఊడబెరికి పరుగెత్తాడు.

ఐసీయూ గుమ్మంలో నర్సు చేతులు కడుక్కోబోతోంది. ఒక చెయ్యి సబ్బు సీసా మీద, రెండోది దాని కింద. నొక్కేసింది. మిరియం తన అరచెయ్యి మధ్యలోకి తోశాడు. చిక్కటి చుక్క అతని చేతిలో పడింది.

“ఏంటండీ ఇది?” అంది నర్సు.

“నన్ను ముట్టుకోకమ్మా. ఆ సీసాని కూడా.”

ఆ ‘భార్య’ గేటు దగ్గర దొరికింది. వెనక్కి తిరిగి చూడకుండా పోలీసు కారెక్కిందట. సీసాలో ఉన్నది అనుకున్న బాక్టీరియానే.

మిరియాన్ని ఐసోలేషన్ గదిలో పెట్టారు. అద్దం అవతల నిలబడి ఇంటర్‌కామ్‌లో మాట్లాడాడు చీఫ్.

“పరీక్షల్లో ఏమీ లేదని తేలేదాకా లోపలే. ఎవరూ చూడ్డానికి రాకూడదు. మీ వాళ్లకి ఫోన్ చేసి చెప్పమంటావా?”

మిరియం మంచం పక్కనున్న ఖాళీ కుర్చీకేసి చూశాడు.

“అక్కర్లేదు సార్. వాళ్లు ఎప్పట్నుంచో ఈ రూల్ పాటిస్తూనే ఉన్నారు.”