ఎలుకలకేలా దిగులు?

ఇరవై నాలుగు చిట్టెలుకలు. మూడు వారాల కష్టం. ఒక్కటంటే ఒక్కటీ దిగులుపడలేదు!

నాచారం మందుల ల్యాబులో ఆమని తల పట్టుకుంది. దిగులు జబ్బుకి మందు కనిపెట్టాలంటే ముందు దిగులుపడ్డ ఎలుక కావాలి. దాన్నే వాళ్ల భాషలో ‘మోడల్’ అంటారు. అందుకని రాజమండ్రి పిల్ల గుండె రాయి చేసుకుని పంజరాలు ఓ పక్కకి ఒరగబెట్టింది, కింద పరిచిన పొట్టు తడిపింది, రాత్రంతా దీపాలు వెలిగించింది. దిగులున్న ఎలుక పంచదార నీళ్లు కూడా ముట్టదట. ఇవేమో సీసాలకు సీసాలు లాగించి మీసాలు దువ్వుతున్నాయి. శనివారానికి మోడల్ కుదరకపోతే ప్రాజెక్టు మూసేస్తానన్నారు బాసు రామ్మోహనరావు. అంటే మిగిలేది మోడలు కాదు, మోడు!

అంతలో లోపలి గదిలోంచి గొంతు వినిపించింది. ఎలుకల ఆలనాపాలనా చూసే నరేందర్‌ది. ఉప్పల్ మనిషి.

"ఏం బిడ్డా, మంచిగున్నవా? తిన్నవా? నిన్న జర డల్లుగున్నవేంది?"

పక్కన ఎఫ్ఎం రేడియో కూడా. మూషికానికి మ్యూజిక్కు!

"నరేందర్ గారూ! ఏంటిది?"

"మీరు జెప్పిందే మేడమ్. రోజూ రెండు పూటలా మందలించుమన్నరు. మందలిస్తున్న."

"ఇది మందలించడమా? మందలించడమంటే తిట్టడం! గట్టిగా కేకలెయ్యడం!"

"గట్లెట్ల? మా దిక్కు మందలించుడంటే మంచీచెడ్డా అడుగుడు. మొన్న మా మామకు జరమొస్తే అందరం పోయి మందలించి వచ్చినం."

"జ్వరమొచ్చినాయన్ని ఇంటిల్లిపాదీ పోయి తిట్టారా?"

ఆమనికి ముందు నవ్వొచ్చింది. నవ్వు అయిపోగానే ఏడుపొచ్చింది. "నా ప్రాజెక్టు పోయిందండీ."

"ఫికర్ జెయ్యకుండ్రి. తప్పు నాదని సారుకు నేనే చెప్త."

ఇద్దరూ వెళ్లి చెప్పారు. బాసు లెక్కలు చూసి కళ్లజోడు తీశారు. "ఇన్ని కష్టాలు పెట్టినా వీటికి దిగులు రాలేదు. అది పలకరింపు వల్లేనా? తేల్చాల్సింది ఇదేనమ్మా! మళ్లీ చెయ్యండి. పలకరింపు లేని ఎలుకలతో నువ్వు పై అంతస్తులో. పలకరించే ఎలుకలతో ఇతను కింద. నెల రోజులు ఒకరి గదికి ఒకరు వెళ్లకూడదు."

ప్రాజెక్టు బతికింది. ఆమని ప్రాణమే ఉసూరుమంది.

ముప్పయ్యొకటో రోజు పొద్దున్నే, వానలో వేసుకొచ్చిన గొడుగు మడవకుండానే కింది గదికి దూసుకొచ్చింది.

"నిన్నటికి పైన పన్నెండూ దిగులుపడ్డాయి!"

"మోడల్ కుదిరింది! ముబారక్ మేడమ్!"

"పదమూడోది కూడా పడింది."

"పదమూడోది యాడిది? నంబరెంత?"

"నంబరు మీ ఫోన్లోనే ఉంది. ఎలుకకైతే నాలుగు కాళ్లు. దీనికి నెల్రోజులుగా ఒక్క కాలూ లేదు!"

నరేందర్ చెవులు ఎర్రబడ్డాయి. ఉన్నచోటే నిలబడి ఫోను తీసి నొక్కాడు. రెండడుగుల దూరంలో ఆమని కోటు జేబు మోగింది.

"ఎత్తుండ్రి. మొఖం జూసి చెప్పాలంటే భయమైతున్నది."

ఎత్తింది. "హలో?"

"నెల దినాలసంది నీ యాదిలనే ఉన్న, ఆమనీ. ఇంట్ల గూడ చెప్పిన."

"మరి ‘మేడమ్’ ఏమైంది?"

"మేడ మీదనే ఉన్నది," అన్నాడు నరేందర్. "నువ్వు దిగొచ్చినవ్ గద."